నవల చదవడానికి సంజాయిషీ ఎందుకు?

ఏప్రిల్ 20 దాటాక బడులకు తాళాలు పడతాయి. మళ్లీ జూన్ రెండో వారం దాకా పిల్లలు ఇళ్లలోనే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సరిగ్గా ఆ రోజుల్లోనే జీడితోటల పని ముమ్మరంగా ఉంటుంది. రాలిన పళ్లు ఏరాలి, పండు నుంచి పిక్క వేరు చేయాలి, ఎండబెట్టాలి, బస్తాలకెత్తి పలాస పంపాలి. తెల్లవారుజామున మొదలైన పని ఎండ ముదిరేలోపు ఆగిపోతుంది. పదకొండు దాటాక తోటల్లో ఇసుక మీద కాలు పెట్టడానికి ఉండదు. సాయంత్రం సముద్రం గాలి తిరిగేదాకా కవిటి అయినా, వజ్రపుకొత్తూరు అయినా, టెక్కలి బజారైనా ఒకటే తీరు. నీడ చూసుకుని కూర్చోవాల్సిందే.

ఆ మధ్యాహ్నాలు ఒకప్పుడు నవలలవి. ఇప్పుడు ఫోన్లవి.

దీనికి ఫోన్ని తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ ఫోను రాకముందే నవలను ఇంట్లోంచి సాగనంపే పని పెద్దవాళ్లు మొదలుపెట్టేశారు. మూడున్నర గంటలు ఐపీఎల్ మ్యాచ్ చూసిన కుర్రాణ్ణి 'ఇందులో ఏం నేర్చుకున్నావురా' అని ఏ తండ్రీ అడగడు. పెళ్లి వీడియో రెండోసారి చూస్తున్న అత్తగారిని 'ఇది ఎందుకు పనికొస్తుంది' అని ఏ కోడలూ నిలదీయదు. నవల పట్టుకున్న పిల్లనే అడుగుతారు: 'పరీక్షలో వస్తుందా? ఇంగ్లీషు మెరుగవుతుందా? ఉద్యోగానికి అక్కరకొస్తుందా?' ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకుని చదవడం కంటే ఫోను చూసుకోవడమే సుఖమని ఆ పిల్లకు అనిపిస్తే తప్పు ఎవరిది?

ప్రభుత్వ గ్రంథాలయాల్లో ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతాయి. మంచి పనే. 2020లో విద్యాశాఖ 'చదవడం మాకెంతో ఇష్టం' పేరుతో ఒక కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. అయితే శిబిరానికి వెళ్లిన పిల్లలు చేసేదేమిటంటే స్పోకెన్ ఇంగ్లీషు, బొమ్మలు గీయడం, క్విజ్, వ్యాసరచన. కథ చదివించినా చివర్లో 'ఇందులో నీతి ఏమిటి?' అన్న ప్రశ్న తప్పదు. మిగతా ఏడాదంతా రీడింగ్ రూము పోటీపరీక్షల కుర్రాళ్లది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. సిక్కోలులో ఒక్క కానిస్టేబుల్ ఉద్యోగమో, ఆర్మీ సెలక్షనో ఇంటి తలరాతనే మార్చేస్తుంది. కాకపోతే అదే గదిలో, అదే ఫ్యాను కింద, ఏ పరీక్షా లేని ఓ అమ్మాయి కాళ్లు ముడుచుకుని కూర్చుని నవల చదువుకుంటే వింతగా చూసే పరిస్థితి వచ్చింది. ఒక పుస్తకాన్ని పట్టుకుని ఊరికే కూర్చోవడమన్నది గ్రంథాలయంలోనే అనుమానాస్పదమైపోయింది.

ఉద్దానం సంగతి ఇంకాస్త వేరు. ఈ ప్రాంతం పేరు పేపర్లో వచ్చిందంటే కిడ్నీ జబ్బు గురించి వచ్చి ఉంటుంది. లేదా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరి, జీడిచెట్ల గురించి. లేదా వలసల గురించి. సాహిత్యంలోనూ అంతే. శ్రీకాకుళం అనగానే పోరాట సాహిత్యం గుర్తొస్తుంది. అందులో అబద్ధం లేదు. శ్రీకాకుళ సాయుధ పోరాటానికి కేంద్రమైన బొడ్డపాడు ఈ నేల మీదే ఉంది, ఆ చరిత్ర ఇక్కడి ఇళ్లలో ఇంకా తడారలేదు. అయితే ఒక చిక్కుంది. ప్రాంతానికి కష్టాల ముద్ర పడ్డాక అక్కడివాళ్లకు ఏ పుస్తకం ఇచ్చినా కషాయం తాగించినట్టే ఇస్తారు: చైతన్యం కోసం చదువు, అవగాహన కోసం చదువు. సరదా కోసం చదువుకొమ్మని చెప్పేవాళ్లు కరవు. ఆ ఉద్యమకాలంలో విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెబుతుంటే ఊళ్లు ఊళ్లు కదలకుండా కూర్చున్నాయంటే, అందులో రాజకీయం ఒక్కటే కారణం కాదు. జముకుల మోత, పాట, హాస్యం, తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ముందు పనిచేశాయి. రసం లేనిచోట సందేశం నిలవదని ఆయనకు తెలుసు.

అసలు నవల చదివే సుఖం విషయంలో టెక్కలి చుట్టుపక్కల ప్రాంతానికి ఉన్నంత హక్కు చాలా ఊళ్లకు లేదు. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి వెళ్లే రైలు దారి 1900 నాటిది. ఆ దారి చివర, పర్లాకిమిడి రాజావారి కాలేజీలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి తెలుగు వచనానికి చేసిన మేలు అందరికీ తెలిసిందే. ఆయన పుట్టింది కూడా శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో. 1880లో కందుకూరి 'రాజశేఖర చరిత్రము' పుస్తకంగా వచ్చేనాటికి నవల గ్రాంథికంలోనే మాట్లాడేది. వంటింట్లో అత్తాకోడళ్లు కూడా వ్యాకరణం తప్పకుండా దెప్పుకోవాల్సి వచ్చేది. మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని గిడుగు దశాబ్దాల పాటు పోట్లాడారు, 1919లో 'తెలుగు' పేరుతో పత్రికే పెట్టారు. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అటువైపు వెళ్లిపోతే, ఆయన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. ఇవాళ టెక్కలి పిల్ల ఒక నవలను గుక్కతిప్పుకోకుండా చదవగలుగుతోందంటే అందులో ఆయన వాటా ఉంది. పాఠ్యపుస్తకంలో మాత్రం గిడుగు అయిదు మార్కుల ప్రశ్న.

శ్రీకాకుళం నుంచి టెక్కలి వచ్చే ప్రతి బస్సూ మడపాం టోల్‌గేటు దగ్గర ఆగుతుంది. ఆ మడపాంలోనే 1927లో బలివాడ కాంతారావు పుట్టారు. విశాఖలో నేవీ ఉద్యోగం చేసుకుంటూ పదుల కొద్దీ నవలలు రాశారు. ఊరి పక్కన పారే నదినే పేరుగా పెట్టి 'వంశధార' రాశారు. 'దగాపడిన తమ్ముడు' నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా ఇతర భారతీయ భాషల్లోకి వెళ్లింది. కేంద్ర సాహిత్య అకాడమీ ఆయన కథలకు 1998లో బహుమతి ఇచ్చింది. టోల్‌గేటు రేట్లు నోటికొచ్చిన డ్రైవర్లకు ఈ పేరు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. డిగ్రీ చదివిన వాళ్లకూ తెలియకపోవడం మాత్రం కాస్త బాధాకరమే.

ఇక రావిశాస్త్రి. 1922లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖలో వకీలుగా ఉంటూ అక్కడి కోర్టులను, పోలీసులను, సారా దుకాణాలను పుస్తకాల్లోకి ఎక్కించారు. ఆయన గురించి సభల్లో మాట్లాడేవాళ్లు పీడితుల పక్షం గురించి చెబుతారు, చైతన్యస్రవంతి శిల్పం గురించి చెబుతారు. రెండూ నిజమే. కానీ 'అల్పజీవి' తెరిచినవాణ్ణి పట్టి కూర్చోబెట్టేది సుబ్బయ్య పిరికితనం. ఆ గుమాస్తా తన నీడకే జడిసి, లేని ఆపదలన్నీ ఊహించుకుని, ఒక్కో మెట్టు కిందికి జారుతుంటే పాఠకుడు నవ్వాపుకోలేడు. నాలుగు పేజీల తర్వాత ఆ సుబ్బయ్య తనలాగే ఉన్నాడని అనుమానం కూడా వస్తుంది. నవ్వు ముందు, అనుమానం తర్వాత. వరస తిరగేసి, అనుమానాన్నే పాఠంగా చెప్పబోతే పుస్తకం మూసేస్తారు.

పతంజలి దగ్గరికొస్తే ఇక చెప్పేదేముంది. విజయనగరం జిల్లా అలమండ ఆయన ఊరు. 'గోపాత్రుడు'లో భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న తగువు మీద ఆ ఊరే రెండుగా చీలిపోతుంది. 'వీరబొబ్బిలి'లో ఒక రాజుగారి కుక్క దర్జా చూస్తే మనుషులకే చిన్నతనం వేస్తుంది. రెండూ చిన్న పుస్తకాలు, ఒక్క మధ్యాహ్నం సరిపోతుంది. ఉత్తరాంధ్ర యాస తెలిసిన పాఠకుడికి ఇందులో దొరికే ఆనందం గుంటూరు పాఠకుడికి దొరకదని పందెం కాయవచ్చు. తాతలు మాట్లాడుకునే తీరు అచ్చులో కనిపిస్తే, అదీ నవ్వుతూ కనిపిస్తే, తొమ్మిదో తరగతి పిల్లవాడికి పుస్తకం మీద నమ్మకం కుదురుతుంది.

పలాస చరిత్రలో ఒక చిన్న ముచ్చట ఉంది. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ ఇక్కడ జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది రాహుల్ సాంకృత్యాయన్‌ను. బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని జైల్లో పెట్టింది. ఆ జైలు కాలంలోనే 'ఓల్గా నుంచి గంగకు' రాశారు, అది తెలుగులో తరతరాలుగా చదివిస్తూనే ఉంది. రైతుల సభకు పెద్దగా ఎన్నికైన మనిషి జైల్లో కూర్చుని కథలల్లాడంటే కల్పన పనిలేనివాళ్ల వ్యవహారం కాదన్న మాటే కదా. పలాస నుంచి హౌరా వైపు రైలెక్కితే ఇచ్ఛాపురం దాటాక బరంపురం వస్తుంది. 'అతడు–ఆమె' రాసిన ఉప్పల లక్ష్మణరావు పుట్టింది అక్కడే. వృక్షశాస్త్రం చదువుకున్న ఆయన మాస్కో వెళ్లి రష్యన్ పుస్తకాలను తెలుగు చేశారు. తక్కువ ధరకు, మంచి కాగితం మీద, అందమైన బొమ్మలతో వచ్చిన ఆ సోవియట్ పుస్తకాలు విశాలాంధ్ర వాళ్ల వ్యాన్లలో ఊరూరా తిరిగాయి. అవి చదివిన వాళ్లంతా కమ్యూనిస్టులు కాలేదు. మంచు కురిసే ఊళ్లను ఊహించుకుంటూ ఉక్కపోతను మరిచిపోయిన వాళ్లు మాత్రం లెక్కలేనంత మంది.

పెద్ద పేర్ల సంగతి అలా ఉంచితే, తెలుగునాట నవల చదివే అలవాటును నిజంగా నిలబెట్టింది వార, మాసపత్రికలు. ఈ మాట ఒప్పుకోవడానికి విమర్శకులకు ఇప్పటికీ మొహమాటమే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960ల్లో సీరియల్‌గా వచ్చినప్పుడు, తర్వాత యండమూరి 'తులసిదళం' వచ్చినప్పుడు, పత్రిక వచ్చే రోజున బడ్డీకొట్టు దగ్గర కాచుకుని ఉండేవాళ్లు. ఒక్క ప్రతి నాలుగిళ్లు తిరిగేది. చివరి ఇంటివాళ్లకు అందేసరికి అట్ట ఊడిపోయేది. సీరియల్ పేజీలు వారంవారం జాగ్రత్తగా చింపి, దారంతో కుట్టి, అట్ట వేయించి దాచుకున్న పుస్తకాలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అటక మీద ఉన్నాయి. మధ్యలో ఒక వారం పేజీ తప్పిపోయి ఉంటుంది. అక్కడ ఏం జరిగిందో ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ నోటితో చెప్పి అతికించాల్సిందే. అద్దె పుస్తకాల షాపుల్లో మధుబాబు షాడో నవల కోసం చేయి చాచిన కుర్రాళ్లే తర్వాత్తర్వాత బుచ్చిబాబునీ, గోపీచంద్‌నీ వెతుక్కున్నారు. అందరూ వెతుక్కోలేదు. వెతుక్కోనివాళ్లకు కూడా కొన్ని వందల హాయైన మధ్యాహ్నాలు మిగిలాయి. అది తక్కువేమీ కాదు.

మాలతీ చందూర్ స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికతో ప్రపంచ నవలలను క్లుప్తంగా చెప్పుకొచ్చారు. ఇంగ్లీషు రాని గృహిణులకు కూడా విదేశీ నవలల నాయికలు చుట్టాలైపోయారు. 1978లో మొదలైన 'చతుర' నెలకొక పూర్తి నవలను చవగ్గా ఇంటికి పంపేది. కోవిడ్ దెబ్బకు దాని అచ్చు ఆగిపోయింది. వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి, అద్దె షాపులు సెల్ రీఛార్జి షాపులయ్యాయి. అంటే టెక్కలి లాంటి పట్నంలో ఓ పదో తరగతి పిల్లకి నవల ఎదురుపడే దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి. హైదరాబాద్‌లో అన్వీక్షికి, ఛాయ వంటి కొత్త ప్రచురణ సంస్థలు కొత్త రచయితల నవలలను ముచ్చటగా వేస్తున్నాయి. అవి పుస్తకాల పండగల్లో, ఆన్‌లైన్‌లో అమ్ముడవుతాయి. నౌపడ దాకా వాటంతటవి నడిచిరావు. కథకైతే శ్రీకాకుళంలో సొంత ఇల్లుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం నిలబెట్టి, దొరికిన ప్రతి కథనూ అక్కడికి చేర్చారు. నవల మాత్రం జిల్లాలో ఇంకా అద్దె ఇళ్లలోనే తిరుగుతోంది.

తీరిక ఉన్నవాళ్ల ముచ్చట కదా ఇదంతా అని ఎవరైనా అనవచ్చు. జీడి ఫ్యాక్టరీలో రోజంతా పప్పు పొర తీసే ఆడమనిషికి నవలేమిటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. జవాబు క్యూబాలో ఉంది.

హవానాలో చుట్టల ఫ్యాక్టరీ కార్మికులు 1865లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. పొగాకు ఆకు చుట్టే పనికి చేతులు, కళ్లు కావాలి గాని చెవులు అక్కర్లేదు. అందుకని తలా కొంత వేసుకుని ఒక చదివే మనిషిని పెట్టుకున్నారు. అతను ఎత్తు బల్ల మీద కూర్చుని ఉదయం వార్తలు, తర్వాత నవలలు గొంతెత్తి చదివేవాడు. ఏ నవల చదవాలో తేల్చేది కార్మికులే. యజమానులకూ, స్పెయిన్ పాలకులకూ ఇది కంటగింపై కొన్నిసార్లు నిషేధించారు. అయినా ఆ అలవాటు పోలేదు, ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. అలెగ్జాండర్ డ్యూమా రాసిన 'కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో' మీద వాళ్లు ఎంత మనసు పడ్డారంటే, 1935లో మొదలైన ఒక చుట్టల బ్రాండుకు మాంటీ క్రిస్టో అనే పేరు వచ్చింది. పగ, జైలు, పారిపోవడం, నిధి. అందులో కార్మిక చైతన్యం పాఠం ఏదీ లేదు, ఉన్నది కథ.

పలాస, కాశీబుగ్గల్లోని జీడి ఫ్యాక్టరీల్లో కాయ కొట్టే చోట యంత్రాల మోత ఎక్కువ. కానీ పొర తీయడం, గుండు, బద్ద, నూక వేరు చేయడం కూర్చుని చేసే పని. అక్కడ ఆడవాళ్లే ఎక్కువ. ఇప్పుడు వాళ్ల మధ్య పాటలు మోగుతుంటాయి. పాటలు ఆపమని ఎవరూ అనరు. వారంలో రెండు రోజులు, ఓ గంటసేపు, పాటల స్థానంలో ఒక నవల వినిపిస్తే? దాసుభాషితం లాంటి యాప్‌లలో తెలుగు పుస్తకాలు గొంతుతో దొరుకుతున్నాయి. యాప్ కూడా అక్కర్లేదు. అదే వీధిలో డిగ్రీ సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల ఎవరైనా చదివి పెట్టవచ్చు, చేతిఖర్చుకు నాలుగు డబ్బులూ వస్తాయి. చేసి చూస్తే గాని ఇది నడుస్తుందో లేదో తెలియదు. నడవకపోయినా పోయేదేం లేదు.

చదువు విలువ లెక్కల్లో చూపమనే తల్లిదండ్రులకు లెక్కలూ ఉన్నాయి. 2009లో అనేక దేశాల పదిహేనేళ్ల పిల్లలకు పెట్టిన పీసా పరీక్షల్లో, సరదాగా రోజూ చదివే పిల్లలు చదవనివాళ్ల కంటే దాదాపు ఏడాదిన్నర చదువంత ముందున్నారని తేలింది. ఇది విని రేపటి నుంచి రోజుకు ముప్ఫై పేజీలు చదవాలని పిల్లలకు కోటా పెట్టేవాళ్లు ఉంటారు కాబట్టి, ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 2013లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన, మంచి కాల్పనిక సాహిత్యం కాసేపు చదివితే చాలు, ఎదుటివాడి మనసు అర్థం చేసుకునే శక్తి పెరుగుతుందని చెప్పింది. లోకమంతా చప్పట్లు కొట్టింది. మూడేళ్లకే ఇంకొందరు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. లాభం చూపి నవలను నిలబెట్టబోతే, లాభం రుజువు కాని రోజున నవల పడిపోతుంది. సరదా కోసమే చదివేవాడికి ఆ బెంగ లేదు.

ఫ్రెంచి రచయిత డానియల్ పెనాక్ 1992లో పాఠకుడి హక్కులు పది రాశాడు. పేజీలు దాటేసే హక్కు, పుస్తకం మధ్యలో వదిలేసే హక్కు, ఏది పడితే అది చదివే హక్కు అందులో ఉన్నాయి. తెలుగు ఇళ్లలో ఇవి అమలు కావాల్సిన అవసరం చాలా ఉంది. 'వేయిపడగలు'లో వర్ణనల దగ్గర పేజీలు తిప్పేసిన పాఠకుణ్ణి ఎవరూ కొట్టరు. 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం చదివి, మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు చేరేదాకా పడ్డ పాట్లకు పడీపడీ నవ్వి, మిగతా భాగాలు వద్దనుకున్నా నేరం కాదు. పెద్దలు మెచ్చిన నవల నచ్చలేదని పదమూడేళ్ల పిల్ల ధైర్యంగా చెప్పిందంటే ఆ పిల్ల నిజంగా చదివినట్టు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాడు. పంచాయతీలు, మున్సిపాలిటీలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమచేయవన్న ఫిర్యాదు రాష్ట్రమంతటా పాతదే. అది వసూలయ్యేదాకా ఆగనక్కర్లేదు. టెక్కలి, పలాస, సోంపేట, మందస, కంచిలి గ్రంథాలయాల్లో ఒక్కో అర నవలలకు కేటాయించి, మే నెల మొదట్లోనే తలుపు పక్కన కనబడేలా పెట్టవచ్చు. దానిమీద పోటీపరీక్షల పుస్తకం ఒక్కటీ ఉండకూడదు. సెలవుల నలభై అయిదు రోజులకూ డిపాజిట్ అడగకుండా ఇంటికివ్వాలి. పిల్లలకే కాదు, వాళ్లను దింపడానికొచ్చిన తల్లికీ, రిటైరైన మాస్టారికీ, ఊళ్లో తాతగారింటికి హైదరాబాద్ నుంచి వచ్చిన మనవలకూ ఇవ్వాలి. తిరిగి తెచ్చినప్పుడు సారాంశం రాయమని, నీతి చెప్పమని అడగకూడదు. మహా అయితే 'బాగుందా?' అనవచ్చు.

పుస్తకాలు పోతాయని లైబ్రేరియన్లు భయపడతారు. పోతాయి. జూన్‌లో బడులు తెరిచేనాటికి తిరిగిరాని పుస్తకాల పట్టిక ఒకటి ఎలాగూ తయారవుతుంది. దాన్ని ఆడిట్ వాళ్లకు చూపించే ముందు ఒకసారి శ్రద్ధగా చదువుకుంటే, వచ్చే వేసవికి ఏ నవల రెండేసి కాపీలు తెప్పించాలో తెలిసిపోతుంది.